కుళ్ళాయప్ప మామ వెయ్యని కన్ను

వారం రోజులయింది, నా బొటనవేలి గోటి పక్కన అంటిన నీలం రంగు ఇంకా పోలేదు. సబ్బుతో రుద్దాను, కొబ్బరినూనె రాశాను, వీధి చివర హార్డ్‌వేర్ దుకాణంలో టర్పెంటైన్ అడిగి తెచ్చుకుని మరీ తుడిచాను. రంగు పలచబడింది గాని వాసన వదల్లేదు. ఎనామిల్ రంగు వాసనకు అందరికీ తలనొప్పి వస్తుందంటారు. నాకు మాత్రం నిద్ర ముంచుకొస్తుంది. బెంగళూరులో నాలుగో అంతస్తు గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న నేను, వేలు ముక్కు దగ్గరికి రాగానే, బళ్ళారిలో మధ్యాహ్నం రెండు గంటల ఎండలో, రేకుల షెడ్డు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఉంటాను. పైన రేకులు వేడికి టిక్కుటిక్కుమంటుంటాయి. రోడ్డు మీద ఖనిజం లారీలు పోతుంటే ఎర్రదుమ్ము లేచి, దిగాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టు గాల్లోనే నిలబడి ఉంటుంది. ఆ దుమ్ములోంచి నెమ్మదిగా ఒక మనిషి కనబడతాడు. సన్నటి మనిషి, కళ్ళద్దాల కాడలకు దారం కట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని, ఖాళీ రేకు ముందు నిలబడి ఉంటాడు.

ఆయన పేరు కుళ్ళాయప్ప. ఏ చుట్టరికమూ లేకపోయినా మామా అని పిలిచేదాన్ని. లారీలకు బొమ్మలు వేసేవాడు. నేనివాళ వీడియో గేములకు బొమ్మలు వేసి బతుకుతున్నానంటే దానికి కారణం ఆయనే. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. కానీ ఎప్పుడైనా బళ్ళారి మీదుగా పోయి ఉంటే, మీ బస్సు ముందు పోయే లారీ వెనక తలుపు మీద ఆయన నెమలిని చూసే ఉంటారు.

మాది సత్యనారాయణపేట. తాత కాలంలో పొలాలు, నాయన కాలానికి పొలాలతో పాటు రెండు లారీలు. నేను ఇంటరులాంటి రెండో పి.యు.సి.లో లెక్కలు తప్పి, మళ్ళీ పరీక్ష ఎప్పుడా అని ఇంట్లో తిరుగుతూ అందరి కళ్ళలో పడుతున్న రోజులవి. మా కొత్త లారీ రంగుల కోసం షెడ్డులో ఉంది. బండి ఫిట్‌నెస్ చూసే ఎఫ్.సి. పరీక్షకు చూపించాల్సిన తేదీ దగ్గరపడుతోంది, రంగులేమో మొదలు కాలేదు. నాయనకు ఒకే దెబ్బకు రెండు చికాకులు వదిలించుకునే ఉపాయం తోచింది.

"సుమ్నే, ఊరికే ఇంట్లో కూచుని ఏం చేస్తావు? పోయి ఆ షెడ్డు కాడ కుర్చీ ఏసుకుని కూచో. ఆ కుళ్ళాయప్ప కుంచె యాడ ఆపుతాడో, ఎంతసేపు ఆపుతాడో చూడు. ఓనరు మనిషి ఉంటే గానీ ఆయప్ప చెయ్యి కదల్దు" అన్నాడు.

లెక్కలు తప్పిన పిల్లకు కాపలా ఉద్యోగం దొరికింది. నేను చాలా గంభీరంగా వెళ్ళి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మొదటి రోజు ఆయన పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా లారీ వెనక ఖాళీ తలుపు ముందు నిలబడ్డాడు. మధ్యలో రెండుసార్లు బీడీ తాగాడు. కుంచె డబ్బాలోంచి బయటికి రాలేదు. నాకు ఒళ్ళు మండింది.

"ఏం చేస్తాండావు మామా?" అన్నాను.

"చూస్తాండా."

"ఏముంది ఆడ చూసేదానికి? ఉత్త రేకే కదా."

"ఉత్తగా ఉన్నప్పుడే చూడాల పాపా. రంగు పడినంక యెవరైనా చూస్తారు" అన్నాడు, నా వైపు తిరక్కుండానే. నాయనకు ఈ సంగతి ఆ సాయంత్రమే చేరవేశాను. నాయన తల పట్టుకున్నాడు.

మూడో రోజు ఆయన కుంచె తీశాడు. ఆ తర్వాత పన్నెండు రోజులు నేను కాపలా సంగతే మరిచిపోయాను. ఆయన ముందుగా గీత గీసుకునేవాడు కాదు. నెమలి మెడ ఒక్క ఊపులో దిగేది. దాని వెనకనుంచి పింఛం ఒక్కొక్క ఈక విప్పుకుంటూ వచ్చేది. మధ్యాహ్నం ఎండకు గాలి వణుకుతుంటే, ఆ వణుకులో పింఛం కదులుతున్నట్టుండేది. రంగు వాసనకు నాకు కళ్ళు మూతలుపడేవి. తెరిచేసరికి ఇంకో మూడు ఈకలు వచ్చి ఉండేవి. నిద్రలో చూశానో మెలకువలో చూశానో ఇప్పటికీ కచ్చితంగా చెప్పలేను. నా జీవితంలో అంత సుఖంగా కూర్చున్న రోజులు మళ్ళీ రాలేదు.

చివరి రోజు నాయన వచ్చి చుట్టూ తిరిగి చూసి, "ఇదేందప్పా, ఈ ఈకకు కన్ను మరిచిపోయినావే" అన్నాడు. నిజమే, పింఛం నిండా నీలం కళ్ళు ఉన్నాయి, కుడివైపు చివరి ఈకలో మాత్రం ఖాళీ గుండ్రం ఉంది. కుళ్ళాయప్ప మామ తాపీగా కుంచె తుడుచుకుంటూ, "మరిచిపోల్యా. అది నా కాడ ఉంచుకుంటా. మొదటి ట్రిప్పు పోయి లారీ మళ్ళా ఈడికి రావాల. వచ్చినంక ఏస్తా" అన్నాడు. అది ఆయన పద్ధతి. ఆయన చేత బొమ్మ వేయించుకున్న ప్రతి లారీ ఒక కన్ను తక్కువతోనే బయల్దేరేది. క్షేమంగా తిరిగొచ్చాక డ్రైవరు తాంబూలం తెచ్చి ఇస్తే అప్పుడు ఆ కన్ను పూర్తయ్యేది. డ్రైవర్లకు దాని మీద ఎంత గురి అంటే, కన్ను వేయించుకోకుండా రెండో ట్రిప్పు ఎవ్వరూ పోయేవారు కాదు.

మా లారీ వారానికి తిరిగొచ్చింది. మామ కుంచెకు నీలం ముంచి నా చేతికిచ్చాడు. "నీ కాపలాలో అయిన పని. నువ్వే ఎయ్యి" అన్నాడు. ఖాళీ గుండ్రంలో కుంచె ఆనించాను. కన్ను కాస్త కోలగా వచ్చింది. "బాగుండాది. నిద్రమత్తు కన్ను" అని ఆయన నవ్వాడు.

ఆయనకు కోపం వచ్చే సంగతి ఒక్కటే. నాలుగు షెడ్ల అవతల ఒకడు ఆయన నెమలిని అట్ట మీద దించుకుని, కత్తిరించి, ఆ అట్టను రేకుకు ఆనించి రంగు కొట్టేవాడు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి నెమలి తయారు. ధర మామ తీసుకునేదాంట్లో నాలుగో వంతు. "నకల్ నెమలి" అనేవాడు మామ దాన్ని. రోడ్డు మీద అలాంటిది పోతుంటే దూరంనుంచే గుర్తుపట్టేవాడు. దాని పింఛంలో కళ్ళన్నీ మొదటి రోజే నిండి ఉండేవి. "ఆ ఈక యాడ వంగాలనో తెలుసుకునేదానికి నాకు ఇరవై ఏండ్లు పట్టె. వాడికి ఒక అట్టముక్క చాలింది" అని ఆ పూటంతా పని చేసేవాడు కాదు.

లెక్కల పరీక్ష ఎలాగో గట్టెక్కింది. కానీ నా నోటుబుక్కుల వెనకంతా నెమళ్ళే. కంప్యూటర్లో కూడా బొమ్మలు వేయొచ్చట మామా, దానికో సాఫ్ట్‌వేర్ ఉంటుందట, కొనాలంటే ఏడాది జీతమంత అవుతుందట అని ఒకరోజు మాటల్లో అన్నాను. నాలుగు రోజుల తర్వాత సంగనకల్లులోని తన ఇంటినుంచి సైకిలు మీద వస్తూ, బస్టాండు దగ్గర దిగి, కన్నడ పేపర్లో చుట్టిన డిస్కు ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"రంగులన్నీ దీంట్లోనే ఉండాయంట పాపా. నలబై రూపాయలు. ఏడాది జీతమని నీకు యెవరో తప్పు చెప్పినారు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. అది కాపీ డిస్కు అని ఆయనకు తెలియదు. నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకుని, నాయన లారీల పని కోసం కొన్న కంప్యూటర్లో దాన్ని ఎక్కించుకుని, రెండేళ్ళు దాంతోనే నేర్చుకున్నాను. ఆటలూ అలాగే. బస్టాండు ప్లాట్‌ఫారం మీద నలభైకో యాభైకో దొరికే ఆటలే మేమందరం ఆడాం. అసలు ఆట డబ్బా మొదటిసారి బెంగళూరులో చూసినప్పుడు దాని వెనక అంటించిన ధర చదివి, ఎవరైనా చూస్తున్నారేమోనని తిరిగి అరలో పెట్టేశాను. మా లారీ డ్రైవరు నెల జీతంలో సగం అది. ఇంత ధర పెట్టినవాళ్ళు దొంగలు, మేము కాదు అని గట్టిగా అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఆటలు తయారుచేసే కంపెనీలో కొలువు దొరికాక ఆ హాయి పోయింది. ఒక గుహ గోడ మీద తడి మెరవడానికి నలుగురు మనుషులు రెండు నెలలు కూర్చోవడం చూశాను. తలుపు తీస్తే వచ్చే కిర్రుమనే చప్పుడు కోసం ఒకతను పాత ఇళ్ళ చుట్టూ తిరిగి తలుపులు తీసి మూసి రికార్డు చేసుకొచ్చేవాడు. పూర్తయిన ఆటను ఏడాదిపాటు పొద్దస్తమానం ఆడి తప్పులు వెతకడమే పనిగా ఉన్నవాళ్ళున్నారు. అమ్మిపెట్టే స్టోరు వాటా, పన్ను, అన్నీ పోయాక మిగిలేదాన్ని అందరూ పంచుకోవాలి. నా మొదటి జీతం దాచి ఆ బొమ్మల సాఫ్ట్‌వేర్ డబ్బు పెట్టి కొన్నాను. మామకు మాత్రం చెప్పలేదు.

కొన్నేళ్ళకు నేనూ, నాతో పనిచేసిన అనితా ఉద్యోగాలు వదిలేసి సొంతంగా ఒక ఆట చేయాలనుకున్నాం. ఆమెది ప్రోగ్రాం పని, నాది బొమ్మల పని. ఆట పేరు 'బోసి లారీ'. ఒక పొద్దున బళ్ళారి లారీల మీద బొమ్మలన్నీ దిగి వెళ్ళిపోతాయి. పులి, తామరపువ్వు, చేప, నెమలి. ఒంటి మీద ఏ బొమ్మా లేని ఒక లారీ వాటిని వెతుక్కుంటూ బయల్దేరుతుంది. సంగనకల్లు బండల మధ్య, కాలువ కింద వరిమళ్ళ గట్ల మీద, బండ్రి వైపు ఎర్రటి మట్టిరోడ్డులో. అన్నిటికన్నా చివర నెమలి దొరుకుతుంది, ఒక కన్ను తక్కువతో. అప్పుడు లారీ బయల్దేరిన చోటికి తిరిగిరావాలి. తిరిగొచ్చాక ఆడేవాళ్ళే తమ వేలితో ఆ కన్ను దిద్దాలి. అంతే ఆట. ఎవరూ ఎవరినీ కాల్చరు.

డబ్బుకు నాయన ఒక లారీ అమ్మాడు. నేను కన్ను పెట్టిన ఆ లారీనే. "రోడ్డు మీద తిరిగినా బొమ్మల్లో తిరిగినా లారీ లారీనే" అని తేలిగ్గా అన్నాడు గాని, తాళాలిచ్చి వచ్చిన రోజు అన్నం తినలేదని అమ్మ చెప్పింది. ఆట అమ్ముడుపోకపోతే ఆ లారీ ఊరికే పోయినట్టు. మూడేళ్ళూ ఆ మాట నా వీపు మీద కూర్చునే ఉంది.

బొమ్మలన్నీ కుళ్ళాయప్ప మామ వేశాడు. నలభై రేకుల మీద. నేను వాటిని ఫోటోలు తీసి, ముక్కలు చేసి, ఆటలో కదిలేలా చేసేదాన్ని. ఆయనకు అప్పటికి చూపు తగ్గింది, తన నెమలి ఫోనులో మొదటిసారి మెడ తిప్పినప్పుడు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "ఇది నేను ఏసిందేనా?" అన్నాడు. ఆ సాయంత్రం దాని చేత మళ్ళీ మళ్ళీ మెడ తిప్పించి చూశాడు.

విడుదలకు రెండు నెలల ముందు ఆయనకో మంచి ఫోను కొని, అప్పటిదాకా అయిన ఆటను దాంట్లో పెట్టి ఇచ్చాను. చివరి భాగం ఇంకా కాలేదు. నెమలి దొరికేదాకా వస్తుంది, తర్వాత ఆగిపోతుంది. మొదట తెరుచుకునేచోట ఆయన ఒక్కడి కోసం ఒక మాట రాశాను. 'కుళ్ళాయప్ప మామకు, నీ కాపలాదారు.' ఆ మాట ఆయన ఫోనులో తప్ప ఇంకెక్కడా లేదు.

ఆట విడుదలైంది. ధర రెండొందల యాభై. మొదటి వారం కొన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆ వారాంతంలో అనిత ఒక వీడియో తెచ్చి చూపించింది. ముక్కూమొహం తెలియని కుర్రాడొకడు మా ఆట ఆడి చూపిస్తున్నాడు. 'ఫ్రీగా దొరుకుతోంది, లింకు కింద ఉంది, కానీ దండగ, దీనికి ముగింపే లేదు, నెమలి దగ్గర ఆగిపోతుంది' అంటున్నాడు. దాని కింద వందల మంది అవునవును అని రాశారు. ఆ వీడియోలో ఆట మొదలయ్యేచోట తెర మీద తెల్లటి అక్షరాలు నెమ్మదిగా తేలాయి. 'కుళ్ళాయప్ప మామకు, నీ కాపలాదారు.' అది నేను మామ ఫోనులో పెట్టిచ్చిన సగం ఆటే. అనిత నా ముఖం చూసి కేకలేమీ వేయలేదు. "వెళ్ళి మాట్లాడి రా" అంది. కేకలు వేసి ఉంటే బాగుండేది.

బళ్ళారి బస్సులో కూర్చుని దారి పొడవునా తిట్లు కూర్చుకున్నాను. షెడ్డులోకి అడుగుపెట్టగానే ఆయన నన్ను చూసి లేచి ఎదురొచ్చాడు.

"పాపా! మన ఆట ఊరంతా ఆడుతుండారు! మొబైల్ అంగడి పిల్లోనికి ఇస్తే వాడు అందరి ఫోన్లలోకీ ఎక్కించినాడు. లారీ స్టాండులో ఉన్నోళ్ళందరికీ నేనే పిలిచి ఎక్కిపించినా. హొసపేట డ్రైవర్లకు గూడా. పెండ్లిపత్రికలు పంచినట్ల పంచినా పో!"

మా ఊళ్ళో పాటలు అలాగే పంచుకుంటారు. మొబైల్ అంగడికి పోతే పెన్‌డ్రైవ్ నిండా పాటలు ఎక్కించి ఇస్తాడు, డ్రైవర్లు ఆ పాటలతోనే మంగళూరు దాకా పోతారు. మంచి సంగతి దొరికితే నలుగురికీ పంచాలి, దాచుకుంటే లోభితనం. ఆయన తన కూతురి పెళ్ళంత సంబరంగా నా కొంప ముంచాడు. కూర్చుకున్న తిట్లు ఒక్కటీ నోట్లోకి రాలేదు. నేను ఆ పాత కుర్చీలో కూలబడ్డాను.

"మామా, నువ్వొక లారీకి బొమ్మ ఏస్తే దుడ్లు ఎవరిస్తారు?"

"ఓనరు ఇస్తాడు."

"మొత్తం ఆయప్పే ఇస్తాడు కదా, నీ రంగులకు, నీ పదైదు దినాలకు. మా ఆటకు అట్ల ఒక్క ఓనరు ల్యాడు మామా. ఇద్దరం మూడేండ్లు చేసినాం. మూడేండ్ల కూలి ఒక్కడెవడూ ఇయ్యలేడు. అందుకని ఆడేటోళ్ళందరి మీదా పంచినాం, తలా రెండొందల యాబై. అంతమంది కొంటేనే మా మూడేండ్లు వెనక్కొస్తాయి. మొదటిదాన్ని చేసేదానికి మూడేండ్లు పట్టె. రెండోది చేసేదానికి గడియ గూడా పట్టదు. జనమంతా ఆ రెండోదాన్నే చూస్తారు. ఊరికే వస్తాది కదా, దీనికి ఇంత ధరేంది అంటారు."

ఆయన చేతిలో కుంచె ఉంది. దాన్ని తుడవడం మొదలుపెట్టాడు. శుభ్రమయ్యాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"మీ నాయన లారీ అమ్మింది దీనికేనా?"

"ఊ."

"అయితే ఆ అట్ట కోసేటోడూ నేనూ ఒగటే అయిపోతిమి" అన్నాడు. రోడ్డు మీద ఒక లారీ పోయింది, దుమ్ము లేచింది, మెల్లగా దిగింది. ఆయన కుంచె డబ్బాలో పెట్టి అడిగాడు. "పాపా, ఆ పొద్దు నేను నీకు బస్టాండు కాడ తెచ్చిచ్చిన డిస్కు... అది గూడా యెవరో ఇట్ల కూచుని చేసిందేనా?"

నేను న్యాయం అడగడానికి వచ్చినదాన్ని. ఆ ప్రశ్నకు తల ఎత్తలేకపోయాను. "అవును మామా. నాకు అప్పుడే తెలుసు" అన్నాను.

"నలబై రూపాయలకు తెచ్చినానని ఎంత మురిసిపోతినో" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్ని.

నిజం చెప్పాలంటే, ఆయన పంచిన డ్రైవర్లలో చాలామంది ఎలాగూ కొనేవాళ్ళు కాదు. ఊరూపేరూ లేని ఇద్దరు ఆడవాళ్ళు చేసిన ఆట, చాటింపు లేకుండా, ఎలాగూ మునిగి ఉండేదేమో. కాపీ చేసిన ప్రతివాడూ కొనాల్సినవాడే అని లెక్కగట్టేవాళ్ళను నేనిప్పటికీ నమ్మను. నా చదువే కాపీ డిస్కు మీద నడిచింది. కానీ ముగింపు లేని ఆటగా దానికి పేరు పడిపోయింది. ఆ పేరు మాత్రం ఎంత తుడిచినా పోలేదు. ఆ సంగతి ఆయనతో ఆ రోజు కొంచెమే చెప్పి, బస్సెక్కి వచ్చేశాను.

నెల తర్వాత నాయన ఫోను చేశాడు. "ఏందమ్మా ఇది, ఆ కుళ్ళాయప్ప కన్ను ఎయ్యనంటాండాడు! ట్రిప్పు పోయొచ్చిన లారీలన్నీ షెడ్డు కాడ నిలబడి ఉండాయి. నీ ఆట కొన్నట్టు ఫోన్లో చూపిస్తే గానీ ఎయ్యడంట. నకల్ ఆట తీసెయ్యాలంట, అసల్ కొనాలంట. స్టాండులో ఒకటే గలాటా. కన్ను ల్యాకుండా పోయేదానికి డ్రైవర్లకు భయం, ఆయప్పేమో ఒక్కడికీ వంగడు."

అదే వారం అనిత కంప్యూటర్ ముందు కూర్చుని నన్ను పిలిచింది. ఆట ఏ ఊళ్ళో కొన్నారో చుక్కలుగా చూపించే పటం ఒకటి మాకుంది. అప్పటిదాకా అంతా బోసిగా ఉన్న మూల ఒక్కొక్క చుక్కే వెలుగుతోంది. బళ్ళారి. బళ్ళారి. సండూరు. మళ్ళీ బళ్ళారి. "ఇది మన ఆటలోని బండ్రేనా?" అంది అనిత. "మనకు అక్కడ ఎవరున్నారు?" "మామ డ్రైవర్లు" అన్నాను. కిటికీలోంచి సాయంత్రం వెలుగు తెర మీద పడుతుంటే, చుక్కలు మెల్లగా ఆ మట్టిరోడ్డు వెంట పోతున్నట్టనిపించింది. ఏడాది తిరిగేసరికి ముప్ఫైకి పైన తేలాయి. ఆ ముప్ఫై మంది ఆట ముగింపు చూశారు.

ముప్ఫై చుక్కలకు కంపెనీ నిలబడదు. గది ఖాళీ చేసి ఇద్దరం మళ్ళీ ఉద్యోగాల్లో చేరాం. నాయన లారీ ఇప్పుడు ఎవరి చేతిలో ఏ దారిన తిరుగుతోందో మాకు తెలియదు. ఆట మాత్రం ఇంకా స్టోరులో ఉంది, ఎప్పుడో ఒకరు కొంటారు. కొన్న రోజు అనిత నాకు ఊరి పేరు పంపుతుంది, అంతే, ఇంకేమీ రాయదు. మొన్న చలికాలం కుళ్ళాయప్ప మామ పోయాడు. నాలుగు రోజుల జ్వరం. ఆయన వేసిన రేకులు నలభై నా గదిలో గోడకు ఆనించి ఉన్నాయి.

పోయిన వారం తెలియని నంబరునుంచి ఫోను వచ్చింది. బండ్రి డ్రైవరు, పేరు హనుమంతు. మామ చివరగా బొమ్మ వేసిన లారీ అతనిది. గుజరాత్ దాకా పోయి, అక్కడ ఇంజను పని పడి, ఆలస్యంగా తిరిగొచ్చాడట. వచ్చేసరికి మామ లేడు, కన్ను లేదు. "కన్ను ల్యాకుండా బండి తీసేదానికి మా ఇంట్లో ఒప్పుకోల్యా అక్కా. నీకొచ్చునని మీ నాయన చెప్పినాడు" అన్నాడు.

ఆ రాత్రే బళ్ళారి బస్సెక్కాను. షెడ్డు అలాగే ఉంది. నా కుర్చీ కాలు ఒకటి విరిగింది. నెమలి లారీ వెనక తలుపు నిండా విప్పుకుని ఉంది. గీతలు అక్కడక్కడా వణికాయి. కుడివైపు చివరి ఈకలో ఖాళీ గుండ్రం. నేను దాని ముందు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత కుంచె అందుకోబోతుంటే హనుమంతు గబగబా జేబులోంచి ఫోను తీసి నా ముఖం ముందు పెట్టాడు.

"ముందు ఇది చూడక్కా. కొన్నా. మామ పోకముందే చెప్పినాడు, చూపిస్తే గానీ కన్ను ఎయ్యరని."

నేను అడగనేలేదు. ఎవరూ అడగలేదు. అడిగే మనిషి లేడు. ఆ చిన్న తెర మీద బోసి లారీ మా ఎర్రటి రోడ్డులో నిలబడి ఉంది, పక్కన 'కొన్నారు' అని రాసి ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే కన్ను పెట్టాను. అందుకే బొటనవేలు రంగులో పడింది. ఈసారీ కన్ను కోలగానే వచ్చింది.

మామ ఉంచుకున్న కళ్ళలో అదే చివరిది. హనుమంతు వంగి దాన్ని చూసి, తృప్తిగా తాంబూలం నా చేతిలో పెట్టి లారీ ఎక్కాడు. ఎక్కినవాడు కిటికీలోంచి తల బయట పెట్టి, "వచ్చే ఎఫ్.సి.కి మళ్ళా రంగంతా కొట్టాల కదక్కా. అప్పుడు నెమలి యెవరు ఏస్తారు?" అన్నాడు.

"ఈడికే తీసుకురా. నేనొచ్చి ఏస్తా" అన్నాను. "పదైదు దినాలు పడతాది. తొందర చెయ్యొద్దు. ఒక కన్ను మాత్రం నా కాడ ఉంచుకుంటా."